జనవరి 25, ఏప్రిల్ 14, సెప్టెంబరు 15, డిసెంబరు 10: చెన్నైలో ఏరియా సభల క్యాలెండర్

తమిళనాడు నగరాల్లో, వార్డులోని ఒక్కో చిన్న ప్రాంతం ఓటర్లంతా కూర్చునే ఏరియా సభలు ఎప్పుడు జరగాలో 2022 జూన్‌లో ప్రభుత్వం తెచ్చిన నిబంధనల్లోనే రాసి ఉంది. మూడు నెలలకొకసారైనా కూర్చోవాలి. వీలైనంతవరకు జాతీయ ఓటర్ల దినమైన జనవరి 25న, అంబేడ్కర్ జయంతి ఏప్రిల్ 14న, అన్నాదురై జయంతి సెప్టెంబరు 15న, మానవ హక్కుల దినం డిసెంబరు 10న. కాబట్టి చెన్నైలో తరువాతి సభ ఎప్పుడో తెలుసుకోవడానికి పేపర్లో ప్రకటన పడేదాకా ఆగక్కర్లేదు. అయినా చెన్నై తెలుగు ఇళ్లలో ఉగాది కవి సమ్మేళనం ఏ హాల్లో జరుగుతుందో తెలిసినంత కచ్చితంగా, తమ ఏరియా సభ ఏ కార్పొరేషన్ బడిలో కూర్చుంటుందో తెలియదు. తెలియాలి. మురుగుకాలువ నుంచి వీధి దీపం దాకా అన్ని సంగతులూ ఇరుగుపొరుగంతా ఒకేచోట కూర్చుని మాట్లాడుకోవడానికి చట్టం చూపించిన చోటు అదొక్కటే.

గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లు. 15 జోన్లు, 200 వార్డులు. 2011 జనాభా లెక్కల నాటికే ఈ పరిధిలో 66 లక్షలకు పైగా జనం ఉన్నారు. అంటే సగటున వార్డుకు 33 వేల మంది, వాళ్లందరికీ ఒక్క కౌన్సిలర్. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో ఒక్కో వార్డునూ 10 ఏరియాలుగా విడగొట్టాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ లెక్కన చెన్నైలో ఏరియా సభలు 2,000. ఒక్కోదాని కిందికి వచ్చేది ఓ మోస్తరు పల్లెటూరంత జనం. ఆ ఏరియా ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. ఏరియాకొక ప్రతినిధి ఉంటారు. ఆ పదిమందీ, అధ్యక్ష స్థానంలో కౌన్సిలరూ కలిస్తే వార్డు కమిటీ.

ప్రతినిధిని మాత్రం ఏరియా జనం ఎన్నుకోరు, కౌన్సిల్ నామినేట్ చేస్తుంది. ఈ ఏర్పాటులో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే. కౌన్సిలర్‌కు కావలసిన వాళ్లే ప్రతినిధులైతే వార్డు కమిటీ పార్టీ సమావేశంలాగే ఉంటుంది. కానీ సభలో కూర్చుని అడిగే హక్కు ప్రతినిధి దయవల్ల వచ్చింది కాదు, ఓటు వల్ల వచ్చింది. లోపం ఉంది కదా అని ఇంట్లో కూర్చుంటే ఆ లోపమే గెలుస్తుంది.

పల్లెలకు గ్రామసభ, నగరాలకు ఏమీ లేకపోవడం ఎలా జరిగిందో చూస్తే ఈ 2022 నిబంధనల విలువ అర్థమవుతుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అందులో గ్రామసభ పేరు పెట్టి మరీ ఉంది. 74వ సవరణ అదే ఏడాది జూన్ 1న వచ్చింది. అందులో మూడు లక్షలు దాటిన పట్టణాల్లో ‘ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ వార్డులకు’ కలిపి వార్డు కమిటీ పెట్టమని ఉందే తప్ప, ఓటర్లంతా కూర్చునే సభ ఊసు లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని చాలా నగరాలు పదేసి వార్డులకు కలిపి ఓ కమిటీ పెట్టి చేతులు దులుపుకున్నాయి. ఆ కమిటీల్లో కౌన్సిలర్లే ఉంటారు, మామూలు మనిషికి కుర్చీ లేదు. ఇదే రాష్ట్రంలో గ్రామసభలు ఏడాదికి ఆరుసార్లు జరుగుతాయి: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. గుమ్మిడిపూండి పక్క పల్లెలో ఉండే తెలుగు రైతుకు ముప్పై ఏళ్లుగా ఉన్న హక్కు, పెరంబూర్‌లో ఉండే అతని తమ్ముడికి 2022 దాకా లేదు.

2011లో చెన్నై హద్దులు పెరిగినప్పుడు మరో విచిత్రం జరిగింది. చుట్టుపక్కల 42 స్థానిక సంస్థలు నగరంలో కలిశాయి. వాటిలో 25 గ్రామ పంచాయతీలు. నిన్నటిదాకా గ్రామసభలో లేచి నిలబడి అడిగిన వాళ్లు నగరవాసులయ్యారు, సభ పోయింది. పాత మహాబలిపురం రోడ్డు వెంట ఇవాళ ఐటీ ఉద్యోగులు నిండిన అపార్ట్‌మెంట్లలో చాలా భాగం అలాంటి పూర్వపు పల్లెల పొలాల మీద లేచినవే. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఉద్యోగానికి వచ్చి అక్కడ ఫ్లాటు కొనుక్కున్న వాళ్లకు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ తెలుసు. కానీ ఆ మీటింగ్ అధికారం గేటు దగ్గర ఆగిపోతుంది. గేటు బయట నీళ్లు నిలిచే రోడ్డు గురించి మాట్లాడాల్సిన చోటు వేరు.

అర్జీకి అలవాటుపడ్డ నగరం

చెన్నైకి సభలు కొత్త కాదు. దేశంలో అతి పాత నగరపాలక సంస్థ ఇదే, 1688లో పుట్టింది. ఇందులో తెలుగువాళ్ల పాత్రా చిన్నది కాదు. ప్రభుత్వాధికారి కాని తొలి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, టి.నగర్ ఆయన పేరుదే. ఆయన హయాంలో 1920లో కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది: థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు, రోజుకు తలకు అణా మించకుండా, ఫలహారం పెట్టాలని. దేశంలో బడి భోజనం చరిత్ర చెప్పేవాళ్లు ఇవాళ్టికీ అక్కడి నుంచే మొదలుపెడతారు. పదిమంది కూర్చుని చేసిన ఒక తీర్మానం ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ నగరంలో లేదు.

ఆ అలవాటు మధ్యలో తెగిపోయింది. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) కుంభకోణం తరువాత 1973లో కౌన్సిల్ రద్దయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 1996లో. 23 ఏళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. మళ్లీ 2016 అక్టోబరులో పదవీకాలం ముగిసిన కౌన్సిల్‌కు 2022 ఫిబ్రవరి 19 దాకా ఎన్నికలు లేవు. వర్దా తుపాను, 2019 నీటి కరువు, కోవిడ్, అన్నీ ఆ కౌన్సిలర్లు లేని కాలంలోనే వచ్చాయి. ఇన్నేళ్లు అడగడానికి ఎన్నికైన మనిషి లేనప్పుడు జనం ఏం చేస్తారు? అధికారికి అర్జీ రాస్తారు. చెన్నై అదే నేర్చుకుంది, బాగా నేర్చుకుంది.

అర్జీల కోసం ఉన్న ఏర్పాట్లు చూస్తే ఇది తెలుస్తుంది. ప్రతి సోమవారం రాజాజీ సాలైలోని కలెక్టరేట్‌లో ఫిర్యాదుల దినం. నెలలో రెండో శనివారం నీళ్ల బోర్డు మెట్రో వాటర్ ఏరియా ఆఫీసుల్లో ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా బహిరంగ సమావేశం. అదే రెండో శనివారం రేషన్ కార్డుల సమస్యలకు జోన్ల వారీగా పౌరసరఫరాల ఆఫీసుల్లో శిబిరాలు. కార్పొరేషన్ ఫిర్యాదులకు 1913 నంబరు. 2023లో మేయరే జోన్లకు వచ్చి అర్జీలు తీసుకునే ‘మక్కళై తేడి మేయర్’ మొదలైంది. ఆ ఏడాది చివర ‘మక్కళుడన్ ముదల్వర్’ (ప్రజలతో ముఖ్యమంత్రి), 2025 జులై నుంచి రాష్ట్రమంతటా పదివేల శిబిరాల లక్ష్యంతో ‘ఉంగళుడన్ స్టాలిన్’ (మీతో స్టాలిన్). ప్రభుత్వాలు, పేర్లు మారినా పద్ధతి ఒకటే: వరుసలో నిలబడాలి, కాగితం ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి.

ఇవి పనికిరానివని కాదు. పట్టా మార్పుకు, వృద్ధాప్య పింఛనుకు, రేషన్ కార్డులో పేరు చేర్చడానికి అర్జీయే సరైన దారి. ఆ పనులు ఒక మనిషివి. వీధి పనులు అలా కావు. ఐనావరంలో ఒక వీధి అనుకుందాం. మూడో ఇంటాయన తన గుమ్మం ముందు నీళ్లు నిలుస్తున్నాయని 1913కు ఫోను చేస్తాడు. పంపు వచ్చి నీళ్లు తోడి వెళుతుంది, ఫిర్యాదు ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తుంది. పదో ఇంటామె కాలువ మీద మూత లేదని అర్జీ పెడుతుంది, మూత పడుతుంది. వీధి చివర టీకొట్టు ఆయన దుర్వాసన గురించి రాస్తాడు. మూడు ఫిర్యాదులూ తీరాయి, రోగం అలాగే ఉంది. వాననీటి కాలువలోకి ఎవరో మురుగు పైపు కలిపారనీ, అది పూడిపోయిందనీ తెలియాలంటే ఆ ముగ్గురూ ఒకరి మాట ఒకరు వినాలి, ఇంజనీరు ముగ్గురి మాటా ఒకేసారి వినాలి. అర్జీలో ఆ వినడం లేదు. సభ అవసరం అక్కడే.

ఏ తేదీకి ఏ పని

నాలుగు తేదీలనూ మహనీయుల జయంతులనీ, దినోత్సవాలనీ ఎంచుకున్నారు. కానీ చెన్నై వాతావరణాన్నీ, కార్పొరేషన్ లెక్కల కాలాన్నీ వాటి పక్కనే ఉంచి పోల్చి చూస్తే అవి ఆశ్చర్యంగా కుదిరాయి. ఈ సంగతి గమనించి అజెండా తయారుచేసుకున్న ఏరియాకు సగం పని అయినట్టే.

అన్నిటికన్నా విలువైనది సెప్టెంబరు 15. ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మూడో వారంలో వస్తాయి. చెన్నై ఏడాది వానలో సగానికి పైగా అప్పటి నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. అంటే సభకూ వానకూ మధ్య ఐదు వారాలు. కాలువ పూడిక తీయడానికి, విరిగిన మూత మార్చడానికి, చెట్ల కొమ్మలు కొట్టించడానికి ఆ వ్యవధి సరిపోతుంది. కొత్త కాలువ తవ్వడానికి చాలదు. అందుకే ఆ రోజు ‘మా వీధికి కొత్త వాననీటి కాలువ కావాలి’ అని అడగడం వల్ల ప్రయోజనం తక్కువ. పైగా అప్పుడు తవ్వడం మొదలుపెడితే తెరిచిన గుంతల్లోనే వానాకాలం గడపాల్సి వస్తుంది. సెప్టెంబరులో అడగాల్సింది వేరు: మా ఏరియాలో ఏయే కాలువల్లో పూడిక తీశారు, ఏ తేదీన తీశారు, పంపు ఎక్కడ పెడతారు, కరెంటు పెట్టె నీళ్లలో మునిగితే ఎవరికి చెప్పాలి. ఆ జవాబులు మినిట్స్‌లో (సభలో జరిగింది నమోదు చేసే రిజిస్టర్‌లో) రాయించాలి.

డిసెంబరు 10 లెక్క తేల్చే రోజు. 2015లో నగరం మునిగింది డిసెంబరు మొదటి రోజుల్లో. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటే ముందు 3, 4 తేదీల్లో చెన్నైని ముంచేసింది. ఆ ఏడాది డిసెంబరు 10 నాటికి చాలా ఇళ్ల గోడల మీద నీటి గుర్తు ఇంకా తడిగానే ఉంది. ఎక్కడ ఎంత లోతు నిలిచింది, ఎన్ని రోజులు నిలిచింది అన్న సమాచారం అప్పుడే నమోదు కావాలి. ఫిబ్రవరికి ఆ గుర్తులు సున్నంలో కలిసిపోతాయి. డిసెంబరులో ఇంటింటికీ కొలిచి రాసిన కాగితం ఉంటే జనవరి 25 సభలో దాన్ని బడ్జెట్ ప్రతిపాదనగా మార్చవచ్చు. కార్పొరేషన్ బడ్జెట్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది కాబట్టి కొత్త కాలువ, పార్కు, అంగన్‌వాడీ గది వంటి పెద్ద పనులు అడగాల్సిన సభ జనవరిదే. కౌన్సిలర్‌కు వార్డు అభివృద్ధి నిధి విడిగా ఉంటుంది. అది ఏ వీధికి ఖర్చు పెట్టాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి. సంక్రాంతికి ఊరెళ్లిన తెలుగువాళ్లు ఈలోపు తిరిగొచ్చేసి ఉంటారు, అదొక సౌకర్యం.

ఏప్రిల్ 14 నీళ్ల సభ. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అయితే ఈ తేదీకి రెండు అడ్డంకులు. తమిళ ఉగాది అదే రోజు, సెలవు. రెండోది, ఎన్నికల కాలం తరచూ వేసవిలో పడుతుంది. 2024లో తమిళనాడు పోలింగ్ ఏప్రిల్ 19న కావడంతో ఆ ఏడాది ఏప్రిల్ 14 ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లో ఉన్న కాలం మధ్యలో పడింది. అలాంటి ఏడాది నీళ్ల సంగతి మెట్రో వాటర్ రెండో శనివారం సమావేశంలో పట్టుకోవాలి.

అసలు మెట్రో వాటర్ వేరు, కార్పొరేషన్ వేరు అన్న సంగతి దగ్గరే చాలా సభలు దారి తప్పుతాయి. తాగునీళ్లు, మురుగు పైపులు 1978లో ఏర్పడిన మెట్రో వాటర్ బోర్డువి. వాననీటి కాలువలు, చెత్త, వీధి దీపాలు, లోపలి రోడ్లు కార్పొరేషన్‌వి. అన్నా సాలై లాంటి పెద్ద రోడ్లు రాష్ట్ర హైవేల శాఖవి. కూవం, అడయార్ నదులు జలవనరుల శాఖవి. ఏరియా సభకు తప్పక వచ్చేది కార్పొరేషన్ ఇంజనీరు ఒక్కరే అయితే ‘అది మా శాఖ కాదు’ అన్న జవాబుతో సగం ప్రశ్నలు ముగుస్తాయి. మెట్రో వాటర్ ఇంజనీరును కూడా పిలవమని వారం పది రోజుల ముందే కౌన్సిలర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగడం అవసరం. సభ తేదీ, చోటు మారాయేమో కనుక్కోవడం కూడా అప్పుడే అయిపోతుంది.

తెలుగువాళ్ల దగ్గర ఉన్న రెండు చిక్కులు

మొదటిది ఓటు. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నా ఓటు మాత్రం సొంతూళ్లోనే ఉంచుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరితో బంధం తెగకూడదన్న ఆపేక్ష అర్థం చేసుకోదగ్గదే. కానీ ఏరియా సభ సభ్యత్వం ఓటర్ల జాబితాకు ముడిపడి ఉంది. పన్ను ఇక్కడ కట్టి, నీళ్లు ఇక్కడ తాగి, పిల్లల్ని ఇక్కడి బడికి పంపుతూ ఓటు అక్కడ ఉంచుకుంటే సభలో కూర్చునే హక్కు ఉండదు. ఇక్కడే ఓటున్న వాళ్లు కూడా ధీమాగా ఉండడానికి లేదు. 2025 చివర్లో జరిగిన ఓటర్ల జాబితా ప్రత్యేక ముమ్మర సవరణ తరువాత డిసెంబరు 19న వచ్చిన ముసాయిదా జాబితాలో రాష్ట్రమంతటా 97 లక్షలకు పైగా పేర్లు పోయాయి. ఇల్లు మారిన అద్దెదారుల పేర్లే ఇలాంటప్పుడు ముందు గల్లంతవుతాయి.

రెండోది భాష. సభలో మాట్లాడేది తమిళం, మినిట్స్ రాసేది తమిళం. వ్యాసర్పాడిలో, చూలైలో తరాలుగా ఉన్న తెలుగువాళ్లకు తమిళం మాట్లాడటం తల్లిపాలతో వచ్చినట్టే ఉంటుంది. చదవడం దగ్గరే పెద్దవాళ్లు వెనకాడతారు. 2006 చట్టంతో తమిళం బడుల్లో తప్పనిసరి అయ్యాక చదువుకున్న పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. ఇంట్లో కాలేజీ చదివే అమ్మాయో అబ్బాయో ఉంటే సభకు వెంట తీసుకెళ్లి, మినిట్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టే ముందు పైకి చదివించుకోవచ్చు. రాసినదానికీ మాట్లాడినదానికీ తేడా వస్తే అక్కడే చెప్పాలి. తరువాత కావాలంటే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద నకలు అడగవచ్చు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి.

పారిశుధ్య కార్మికుల సంగతి ఇక్కడ చెప్పకుండా దాటలేం. ఈ నగరాన్ని తరతరాలుగా ఊడ్చి శుభ్రంగా ఉంచుతున్న వాళ్లలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో. రాయపురం, తిరువిక నగర్ జోన్లలో చెత్త పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ 2025 ఆగస్టులో కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం రిపన్ బిల్డింగ్ ముందు కార్మికులు పదమూడు రోజులు కూర్చున్నారు. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కడి నుంచి తరలించారు. ఎవరి వీధి చెత్త గురించి ఆ గొడవ జరిగిందో ఆ వీధుల వాళ్లు, ఆ చెత్త ఎత్తే వాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట అది. కార్మికులు కూడా ఏదో ఒక ఏరియాలో ఓటర్లే. వాళ్లు సభకు వస్తే వీధిలో చెత్తబండి ఎందుకు ఆలస్యమవుతోందో, ఎంతమంది చేయాల్సిన పని ఎంతమంది చేస్తున్నారో అధికారి నోట కాకుండా పని చేసే మనిషి నోట తెలుస్తుంది. వాళ్లకు కుర్చీ వేసి ముందు వరుసలో కూర్చోబెట్టే ఏరియా సభ అసలైన సభ.

ఏరియా దాటిన విషయాలకు ఇతర సభలున్నాయి. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన వేయాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. కొడుంగైయూర్ చెత్తగుట్ట దగ్గర చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు వద్దని 2025 మే నెలలో ఉత్తర చెన్నై వాసులు మానవహారం కట్టారు. చెన్నై రెండో మాస్టర్ ప్లాన్ 2026తో ముగుస్తుంది. ఆపైన తరువాతి ఇరవై ఏళ్ల ప్లాన్ రావాలి. ఈలోపు మహానగర ప్రాంతం 5,904 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. ఆంధ్ర సరిహద్దు వైపు గుమ్మిడిపూండి దాకా అందులోకి వచ్చింది. ముసాయిదా మీద అభ్యంతరాలు అడిగినప్పుడు ఒంటరిగా రాసిన ఉత్తరం కన్నా, ఏరియా సభ తీర్మానం జతచేసిన ఉత్తరానికి బరువు ఎక్కువ. ఆగస్టు 22 మద్రాసు దినం నడకలూ ఉపన్యాసాలూ కూడా మూడు వారాల తరువాత వచ్చే సెప్టెంబరు సభ గురించి నలుగురికీ చెప్పడానికి మంచి సందర్భం.

ఇప్పటి కౌన్సిల్ 2022 మార్చిలో ప్రమాణం చేసింది, ఐదేళ్ల గడువు 2027 మార్చి మొదట్లో తీరిపోతుంది. ఎన్నికలు సకాలంలో జరగకపోతే ఏమవుతుందో ఈ నగరం రెండుసార్లు చూసింది. కాబట్టి ఈలోపు వచ్చే ప్రతి సభా లెక్కలోకి వచ్చేదే. ఓటు చెన్నైకి మార్చుకోవడానికి ఫారం 8, కొత్తగా నమోదుకు ఫారం 6. పద్దెనిమిదేళ్లు నిండిన వాళ్ల నమోదుకు 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పేరు జాబితాలో పడ్డాక పార్ట్ నంబరు చూసుకుని, తమ వీధి వార్డులో ఎన్నో ఏరియాకు వస్తుందో, ప్రతినిధి ఎవరో కౌన్సిలర్ ఆఫీసులో అడిగి రాసుకోవాలి.